అప్‌డేట్ తర్వాత పాత తెలుగు ఫైల్ తెరుచుకోవడానికి 6 నిమిషాలు పడుతోంది, ఎక్కడ వెతకాలి?

రాయపేట డీటీపీ (రాత్రి 11:40)

అందరికీ నమస్తే. చెన్నై రాయపేటలో మాది చిన్న డిజైన్ ఆఫీసు. పనిలో ముప్పాతిక వంతు తెలుగే: గోడ క్యాలెండర్లు, పంచాంగాలు, గుళ్ల కరపత్రాలు, ముహూర్తాల రోజుల్లో పెళ్లి కార్డులు. క్యాలెండర్ల అచ్చు శివకాశిలో. ఆడి పద్దెనిమిది (తమిళుల ఆడి నెల పద్దెనిమిదో రోజు, ఆగస్టు మొదట్లో వచ్చే పండగ) నాటికి అక్కడ కొత్త ఆల్బమ్‌లు బయటికి వస్తాయి కాబట్టి జులై అంటేనే మాకు టెన్షన్. సరిగ్గా ఇప్పుడే, పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కి మారింది.

దాని పేరు కావాలనే రాయడం లేదు. ఇక్కడ సగం మంది వాడేదే, మెనూ పేర్లు చూస్తే మీకే తెలుస్తుంది. పేరు రాశానంటే చాలు, నెల చందా ఎంత పెంచారో చెప్పుకుని తిట్టడానికి అందరూ వస్తారు, నా ఫైల్ మాత్రం అలాగే పడి ఉంటుంది.

సంగతేమిటంటే, మా పంచాంగం ఫైల్ 96 పేజీలు. పాత వెర్షన్‌లో డబుల్ క్లిక్ చేస్తే అర నిమిషంలో తెరుచుకునేది. ఇప్పుడు 6 నిమిషాలు దాటుతోంది. అంతసేపూ తెర తెల్లబడి, పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని ఉంటుంది. హ్యాంగ్ అయిందనుకుని మా ఆఫీసు కుర్రాడు టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి ఎండ్ టాస్క్ కొట్టేస్తున్నాడు. కదిలించకుండా వదిలేస్తే మాత్రం తెరుచుకుంటుంది. ఒకసారి తెరుచుకున్నాక అంతా మామూలే. పేజీలు తిప్పినా, టైపు చేసినా, పీడీఎఫ్ తీసినా ఏ ఇబ్బందీ లేదు. ఆలస్యమంతా తెరుచుకునేటప్పుడే.

సిస్టమ్ వివరాలు: విండోస్ 11, 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ. ఫైళ్లు, ఫొటోలు అన్నీ ఆఫీసులోని స్టోరేజ్ బాక్సులో ఉంటాయి, లాన్ కేబుల్ మీద తెరుస్తాం. ఫైల్‌ని డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి తెరిచినా అదే ఆలస్యం. కొత్త డాక్యుమెంట్ క్షణంలో వస్తోంది. ఇంగ్లిష్ బ్రోచర్లు కూడా బాగానే వస్తున్నాయి. పాత తెలుగు ఫైళ్లే, అందులోనూ ఏటా సేవ్ యాజ్ చేసుకుంటూ వస్తున్న పంచాంగం, క్యాలెండర్ ఫైళ్లే ఇలా చేస్తున్నాయి.

ఇంకో విచిత్రం ఉంది. పక్క సీటులో పాత వెర్షనే ఉన్న పాత సిస్టమ్ ఒకటి ఉంది, దానికి ర్యామ్ కూడా సగమే. అదే పంచాంగం అందులో ఇప్పటికీ అర నిమిషంలో తెరుచుకుంటోంది. అందుకే తప్పు అప్‌డేట్‌దేనని మా వాళ్లందరూ తేల్చేశారు. నాకు మాత్రం సగమే నమ్మకం. అప్‌డేట్‌దే అయితే ఇంగ్లిష్ బ్రోచర్లు ఎందుకు బాగున్నాయి? తెలుగు ఫాంట్ల దగ్గర ఏదైనా తేడా వచ్చిందా?

పాత వెర్షన్‌కి తిరిగి వెళ్లిపోమని మాత్రం చెప్పకండి. శివకాశి ప్రెస్ వాళ్లు పంపిన టెంప్లేట్ కొత్త వెర్షన్‌లో ఉంది.

పిక్సెల్ పిచ్చోడు (రాత్రి 11:58)

అక్కా, 16 జీబీ ఈ రోజుల్లో ఏ మూలకి? రిచీ స్ట్రీట్‌కి వెళ్లి ఇంకో 16 వేయించెయ్. అంతకుముందు ప్రిఫరెన్సెస్ రీసెట్ చేసి చూడు. సాఫ్ట్‌వేర్ మొదలయ్యేటప్పుడు కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ నొక్కి పట్టుకుంటే అడుగుతుంది, యెస్ కొట్టు. నాకు 90 శాతం సమస్యలు దాంతోనే పోతాయి.

రాయపేట డీటీపీ (ఉదయం 8:15)

తమ్ముడూ, రీసెట్ మొన్ననే చేశాం. ఆలస్యం తగ్గలేదు సరికదా, అమర్చుకున్న ప్యానెళ్లూ షార్ట్‌కట్లూ పోయాయి. ర్యామ్ విషయం కూడా చూశాను. ఫైల్ తెరుచుకుంటున్నప్పుడు మెమరీ సగం కూడా నిండటం లేదు. ఉన్నదే వాడుకోని దానికి ఇంకో 16 కొనిపెట్టి ఏం లాభం?

వైట్‌ఫీల్డ్ వాసి (ఉదయం 9:05)

మేడమ్, నేను బెంగళూరులో ఒక ఆఫీసు నెట్‌వర్క్ చూసుకుంటాను. డిజైన్ నాకు రాదు కానీ ‘నాట్ రెస్పాండింగ్’ గురించి కొంచెం తెలుసు. మీరు రాసిన దాంట్లో నా కంటికి ఆనింది ఒక్కటే: ర్యామ్ నిండటం లేదన్నారు. మరి ఆ 6 నిమిషాల్లో సీపీయూ, డిస్క్ ఎంతెంత చూపిస్తున్నాయి?

ప్రోగ్రామ్ నెమ్మదించడం రెండు రకాలు. ఒకటి, నిజంగానే పని ఎక్కువై నలిగిపోవడం. అప్పుడు సీపీయూ పైకి పోతుంది, లేదా డిస్క్ 100కి అంటుకుంటుంది. రెండోది, ఎవరినో ఏదో అడిగి, జవాబు కోసం కూర్చోవడం. ఇల్లు ఖాళీ చేసి పోయినవాళ్ల తలుపు కొడుతూ నిలబడ్డట్టు. అప్పుడు మీటర్లన్నీ సున్నా దగ్గరే ఉంటాయి, తెర మాత్రం తెల్లబడుతుంది. మొదటి దానికి ర్యామ్, ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు పనికొస్తాయి. రెండో దానికి ఎంత డబ్బు పోసినా ఒక్క సెకను తగ్గదు. మీది ఏ రకమో తేలకుండా ఏమీ కొనొద్దు.

ఒక చిన్న పరీక్ష చేయండి. పంచాంగం ఫైల్ డెస్క్‌టాప్ మీద పెట్టుకుని, లాన్ కేబుల్ పీకేయండి, వైఫై ఉంటే అదీ ఆపేయండి. అప్పుడు తెరవండి. ఎంతసేపు పట్టిందో రాయండి.

పిక్సెల్ పిచ్చోడు (ఉదయం 9:20)

కేబుల్ పీకితే ఫొటోలన్నీ మిస్సింగ్ అని వస్తుంది కదా బ్రో, ఇంకా స్లో అవుతుంది.

వైట్‌ఫీల్డ్ వాసి (ఉదయం 9:31)

మిస్సింగ్ అని వస్తుంది, నిజమే. కానీ నెట్‌వర్కే లేదని విండోస్‌కి తెలిస్తే ‘లేదు’ అని వెంటనే చెప్పేస్తుంది. నెట్‌వర్క్ ఉండి, అవతలి మెషీన్ లేనప్పుడే తంటా. ఆ పేరుతో ఎవరైనా ఉన్నారా అని, పేర్లకి అడ్రస్‌లు చెప్పే డీఎన్ఎస్‌ని అడుగుతుంది, అక్కడ దొరక్కపోతే లోకల్ నెట్‌వర్క్‌లో కేకేస్తుంది, కాసేపు ఆగి మళ్లీ అడుగుతుంది. పేరు కాకుండా ఐపీ అడ్రస్ ఉంటే, ఆ అడ్రస్‌లో ఎవరూ పలకనప్పుడు ఒక్కో ప్రయత్నానికి 20 సెకన్ల దాకా పట్టొచ్చు. ఇలాంటివి వరుసగా పడ్డాయంటే నిమిషాలు ఇట్టే పోతాయి.

రాయపేట డీటీపీ (మధ్యాహ్నం 1:10)

వైట్‌ఫీల్డ్ గారూ, మీ నోట్లో చక్కెర పొయ్యాలి. కేబుల్ పీకి తెరిస్తే 40 సెకన్లలో వచ్చేసింది! ఫొటోలన్నిటికీ ఎర్ర ప్రశ్నార్థకాలు పడ్డాయి గానీ పేజీలన్నీ కళ్ల ముందున్నాయి. మళ్లీ కేబుల్ పెట్టి తెరిస్తే మళ్లీ 6 నిమిషాలు. సీపీయూ 2, 3 శాతం దాటలేదు. డిస్క్ గీత నేల మీదే పాకింది. అంటే మీ లెక్కలో మాది రెండో రకం.

కానీ ఒకటి అర్థం కావడం లేదు. మా స్టోరేజ్ బాక్స్ ఆన్‌లోనే ఉంది, అందులోంచి ఫొటోలు క్షణాల్లో కాపీ అవుతున్నాయి. మరి జవాబివ్వకుండా కూర్చున్నది ఎవరు?

వైట్‌ఫీల్డ్ వాసి (మధ్యాహ్నం 1:45)

అది ఊహించక్కర్లేదు, చూడొచ్చు. మైక్రోసాఫ్ట్ సైట్‌లో సిస్‌ఇంటర్నల్స్ అని ఉచిత పనిముట్లు ఉంటాయి. అందులో ప్రాసెస్ మానిటర్ దించుకోండి. ఇన్‌స్టాల్ అక్కర్లేదు, జిప్ విప్పి నడపడమే. తెరవగానే వేల వరుసలు పరిగెత్తుతాయి, కంగారు పడొద్దు. ఫిల్టర్‌లో రెండు షరతులు పెట్టండి: ప్రాసెస్ నేమ్ దగ్గర మీ సాఫ్ట్‌వేర్ ఎగ్జిక్యూటబుల్ పేరు, పాత్ దగ్గర ‘బిగిన్స్ విత్’ ఎంచుకుని రెండు వెనక్కి వాలిన గీతలు, అంటే నెట్‌వర్క్ అడ్రస్ మొదట్లో ఉండేవి. అప్పుడు పంచాంగం ఫైల్ తెరవండి. రిజల్ట్ వరుసలో ‘బ్యాడ్ నెట్‌వర్క్ పాత్’ అని కనపడిన చోటల్లా పక్కన ఏ అడ్రస్ ఉందో రాసుకోండి. వరుసకీ వరుసకీ మధ్య టైమ్ ఎంత జారిందో కూడా చూడండి.

ఇంకో మాట. పక్క సీటు పాత వెర్షన్ త్వరగా తెరుస్తోందన్నారు కదా, దాని సెట్టింగులు పోల్చి చూశారా? మీ సాఫ్ట్‌వేర్ లింకుల్ని, అంటే బయట ఫోల్డర్లలో ఉన్న ఫొటోల అడ్రస్‌లని, ఎప్పుడు వెతుక్కుంటుందో నాకు తెలియదు, తెలిసినవాళ్లు చెప్పాలి.

పాత కంపోజిటర్ (సాయంత్రం 4:30)

నేను చెప్తాను. ట్రిప్లికేన్‌లో సీసం అక్షరాలు ఏరి పేర్చిన చేతులివి, తర్వాత డీటీపీలోకి వచ్చాను. ఇప్పుడు కళ్లు సహకరించక ప్రూఫులు మాత్రమే చూస్తున్నాను.

అమ్మా, ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్‌కి వెళ్లి ఫైల్ హ్యాండ్లింగ్ తెరువు. లింక్స్ అన్న చోట ‘చెక్ లింక్స్ బిఫోర్ ఓపెనింగ్ డాక్యుమెంట్’ అని ఒకటి, దాని కింద ‘ఫైండ్ మిస్సింగ్ లింక్స్ బిఫోర్ ఓపెనింగ్ డాక్యుమెంట్’ అని ఒకటి ఉంటాయి. కొత్తగా వేసినప్పుడు రెండిటికీ టిక్ ఉంటుంది. టిక్ ఉంటే లింకులన్నీ ఒక్కొక్కటిగా చూసి గానీ పేజీ చూపించదు. తీసేస్తే ముందు పేజీ చూపించి, లింకుల సంగతి వెనకాల చూసుకుంటుంది. మీ పాత సిస్టమ్‌లో ఆ టిక్కులు ఎవరో ఎప్పుడో తీసేసి ఉంటారు, చూడు. కొత్త వెర్షన్ కొత్త సెట్టింగులతో వచ్చి ఉంటుంది, ఆ పైన మీరు రీసెట్ కూడా కొట్టారు.

టిక్ తీసేసి చేతులు దులుపుకోకు. అడ్రస్ తప్పిన లింకులు ఎక్కడున్నాయో కనిపెట్టు. క్యాలెండర్ ఫైళ్లలో అవి పేజీ లోపల ఉండవు, పేజీ బయట పడేసి ఉంటారు.

రాయపేట డీటీపీ (రాత్రి 9:50)

ఇద్దరికీ కలిపి జవాబు రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు పక్క సీటు చూశాను. కంపోజిటర్ గారు చెప్పినట్టే ఆ రెండు పెట్టెలూ ఖాళీగా ఉన్నాయి. మా సిస్టమ్‌లో రెండిటికీ టిక్ ఉంది. తీసేసి తెరిస్తే 50 సెకన్లు. ఇన్నాళ్లూ పాత సిస్టమ్‌ని చూపించి అప్‌డేట్‌ని తిట్టుకున్నాం. ఆ పాత సీటులో ముందు పనిచేసినావిడ పెళ్లయి కోయంబత్తూరు వెళ్లిపోయింది, వెళ్లేముందు ఒక్క ముక్క చెప్పి పోయి ఉంటే బాగుండేది.

తర్వాత టిక్కులు మళ్లీ పెట్టి, ప్రాసెస్ మానిటర్ నడిపాను. వరుసలు జలపాతంలా పడుతుంటే మా కుర్రాడు నోరు తెరుచుకుని చూశాడు. ఫిల్టర్ పెట్టాక తేటపడింది. ‘బ్యాడ్ నెట్‌వర్క్ పాత్’ ఎదురుగా ఉన్న పేరు మా ఇప్పటి స్టోరేజ్ బాక్స్ పేరు కాదు. అంతకుముందు వాడిన పాత సర్వర్ పేరు! వర్షాకాలంలో మా వీధిలోకి నీళ్లొచ్చినప్పుడు అది తడిసింది, పాత సామాను వాడికి ఇచ్చేశాం. ఆఫీసులో దాని వైరు కూడా లేదు. ఫైల్ లోపల మాత్రం దాని పేరు బతికే ఉంది. ఒక్కో వరుస దగ్గర కొన్నేసి సెకన్లు ఆగి కిందికి జారుతోంది. ఆ ఆగడాలన్నీ కలిపితే దాదాపు మన 6 నిమిషాలూ వచ్చేస్తాయి.

ఇక ఆ లింకులు ఎక్కడున్నాయన్నది. లింక్స్ ప్యానెల్ మిస్సింగ్ వారీగా సర్దితే పేజీ నంబరు ఉండాల్సిన చోట చాలావాటికి ‘పీబీ’ అని ఉంది. అంటే పేస్ట్‌బోర్డ్, పేజీ బయట. జూమ్ బాగా తగ్గించి 96 పేజీలూ తిరిగాను. అబ్బబ్బ, పేజీల చుట్టూ ఒక పాత సామాన్ల కొట్టు! నగల దుకాణం ప్రకటన, చీరల షాపువి నాలుగైదు రకాలు, మూతపడిన ఒక చిట్టీల కంపెనీ లోగో, వేంకటేశ్వరస్వామి ఫొటో చిన్నదీ పెద్దదీ. ప్రకటన మారిన ప్రతి ఏడాదీ పాతదాన్ని చెరపకుండా పక్కకి లాగి పెట్టారు, మళ్లీ అడుగుతారేమోనని. అడిగేవాళ్లు అడుగుతారు కూడా, ఆ భయం నాకు తెలుసు. దాచుకోవాలంటే ఫోల్డర్‌లో దాచుకోవాలి గానీ పేజీ పక్కన కాదు.

బయటవన్నీ తీసేశాను. పేరెంట్ పేజీల్లో (మిగతా పేజీలకి మూసలా ఉండేవి), దాచి పెట్టిన లేయర్ ఒకదాంట్లో మరికొన్ని ఉన్నాయి, అవి పనికొచ్చేవి, ఇప్పటి బాక్సులోకి రీలింక్ చేశాను. రీలింక్ చేసేటప్పుడు ఒకటి చూపించి ఫోల్డర్ చెప్తే అదే ఫోల్డర్‌లోని మిగతావాటిని తనే పట్టుకుంది. సేవ్ చేసి, మూసి, టిక్కులు పెట్టే ఉంచి తెరిచాను. 55 సెకన్లు. అంటే టిక్కులు ఉన్నా పెద్ద తేడా లేదు, అడ్రస్ లేని లింకులే అసలు దొంగలు.

కానీ పాత వెర్షన్‌లో అర నిమిషమే కదా. మిగతా 20, 25 సెకన్లు ఎటు పోతున్నాయి? అత్యాశ అనుకోకండి, రోజులో ఈ ఫైల్ ఎన్నిసార్లు తెరుస్తామో లెక్కే ఉండదు.

వైట్‌ఫీల్డ్ వాసి (రాత్రి 10:20)

బాగా పట్టారు మేడమ్. మిగిలిన ఆలస్యంలో సీపీయూ ఎంత? ఇప్పుడు పైకి లేస్తుంటే అది పనే, ఎదురుచూపు కాదు. అక్కడితో నా పరిధి అయిపోతుంది, కంపోజిటర్ గారికి వదిలేస్తున్నాను.

పాత కంపోజిటర్ (ఉదయం 6:40)

అమ్మా, రెండు ప్రశ్నలు. ఫైల్ సైజు ఎంత? ఆ ఫైల్ పక్కన ‘డాక్యుమెంట్ ఫాంట్స్’ అనే ఫోల్డర్ ఉందా?

సైజు ఎందుకు అడుగుతున్నానంటే, మామూలు సేవ్ కొట్టినప్పుడల్లా మార్పుల్ని చివర చేర్చుకుంటూ పోతుంది, పాతవి పూర్తిగా తుడవదు. సేవ్ యాజ్ కొడితే కొంత శుభ్రపడుతుంది. ఏళ్ల తరబడి వెర్షన్ల మీద వెర్షన్లు దాటుకుంటూ వచ్చిన ఫైల్‌కి అదీ చాలదు. ఐడీఎంఎల్‌గా (ఇదే సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఇంకో ఫైల్ రకం) ఎక్స్‌పోర్ట్ చేసి, దాన్ని తెరిచి కొత్త ఫైల్‌గా సేవ్ చెయ్యి. లోపల పేరుకున్న చెత్త చాలావరకు పోతుంది. పాత వెర్షన్ ఫైల్‌ని కొత్త వెర్షన్‌లో తెరిచినప్పుడు టైటిల్ దగ్గర ‘కన్వర్టెడ్’ అని వస్తుంది, దాన్ని సేవ్ చేయకుండా మూస్తే మళ్లీ తెరిచినప్పుడు మళ్లీ మార్చుకోవాలి. అది కూడా ఆలస్యమే.

ఫాంట్ల ఫోల్డర్ సంగతి. ఫైల్ ఉన్న చోటే ఆ పేరుతో ఫోల్డర్ ఉంటే, తెరిచేటప్పుడు అందులోని ఫాంట్లు కూడా తెచ్చుకుంటుంది. ప్రెస్‌కి ప్యాకేజ్ చేసి (ఫైల్, ఫొటోలు, ఫాంట్లు ఒకచోట చేర్చి) పంపినప్పుడు ఈ ఫోల్డర్ పుడుతుంది. అందులో వాడిన ఫాంట్లు ఉంటే మంచిదే. కొందరు ‘ఎందుకైనా మంచిది’ అని ఉన్న ఫాంట్లన్నీ పోసేస్తారు, అప్పుడు చూడాలి.

ఒక జాగ్రత్త. ఐడీఎంఎల్ చేశాక తెలుగు పేజీల్ని నమ్మేయకు. పంక్తి ఎక్కడ విరుగుతుందో మారొచ్చు. పాత ఫైల్ నుంచి తీసిన పీడీఎఫ్, కొత్త దాని పీడీఎఫ్ పక్కపక్కన పెట్టి చూడు. క్ష, జ్ఞ, స్త్రీ, ర్త్య లాంటి చోట్ల కన్ను పెట్టు. పేరాగ్రాఫ్ ప్యానెల్ మూల మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఉందో లేదో కూడా చూడు, యూనికోడ్ తెలుగుకి అది ఉంటేనే ఒత్తులు ఒత్తుల్లా వస్తాయి. పంచాంగంలో ఒక ఒత్తు జారితే పాఠకుడు సర్దుకుంటాడు. తిథి టైమ్ పక్క గడిలోకి జారితే ఫోన్ చేసి తిడతాడు, తిట్టాలి కూడా.

నెల్లూరు ఆఫ్‌సెట్ (ఉదయం 10:15)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాకూ అప్‌డేట్ తర్వాత ఇదే గోల, కానీ మా ఫైళ్లలో ఒక్క లింకూ మిస్సింగ్ లేదు. లాన్ కేబుల్ పీకితే మాత్రం త్వరగా తెరుచుకుంటోంది. ఇంకేం చూడాలి?

వైట్‌ఫీల్డ్ వాసి (ఉదయం 10:40)

ప్రింటర్ చూడండి. లేఅవుట్ సాఫ్ట్‌వేర్లు తెరుచుకునేటప్పుడు డిఫాల్ట్ ప్రింటర్ డ్రైవర్‌ని పలకరిస్తుంటాయి. ఆ ప్రింటర్ నెట్‌వర్క్‌లో ఆఫ్‌లో ఉంటే, లేదా ఐపీ మారితే, మేడమ్ గారి సర్వర్ కథే. విండోస్ సెట్టింగ్స్‌లో ‘లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్’ ఆపేసి, మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్‌ని డిఫాల్ట్ చేసి తెరిచి చూడండి. తేడా వస్తే దొంగ దొరికినట్టే.

నెల్లూరు ఆఫ్‌సెట్ (మధ్యాహ్నం 12:05)

ప్రింటరే. పోయిన నెల రూటర్ మార్చాం, ప్రింటర్ ఐపీ మారింది, పాత ఎంట్రీ డిఫాల్ట్‌గా అలాగే ఉంది. దాన్ని తీసేయగానే ఎప్పటిలా తెరుచుకుంది. అప్‌డేట్, రూటర్ ఒకే వారంలో వచ్చేసరికి అందరం ఒక్కదాన్నే పట్టుకుని వేలాడాం.

రాయపేట డీటీపీ (రాత్రి 8:30)

కంపోజిటర్ గారూ, మీ రెండు అనుమానాలూ నిజమే. ఫైల్ సైజు 210 ఎంబీ. ఫొటోలు లోపల లేవు, అన్నీ లింకులే, అయినా అంత. ఐడీఎంఎల్ చేసి తెరిచి సేవ్ చేస్తే 38 ఎంబీకి దిగింది. డాక్యుమెంట్ ఫాంట్స్ ఫోల్డర్ తెరిస్తే లోపల 600 పైచిలుకు ఫాంట్లున్నాయి, పంచాంగానికి వాడేవి ఐదే. తెలుగువి, తమిళానివి, ఎవరో పెళ్లి కార్డు కోసం తెచ్చిన వంకీల ఇంగ్లిష్‌వి, ఒకే ఫాంట్‌కి రెండు మూడు నకళ్లు. వాడేవి మాత్రం ఉంచి మిగతావి వేరే చోటికి మార్చాను. సీపీయూ ముందు లేచేది, ఇప్పుడు కాసేపు లేచి దిగిపోతోంది.

పంచాంగం ఇప్పుడు 22 సెకన్లు. పక్క సీటు దానికంటే ముందే.

పీడీఎఫ్‌లు పోల్చమన్నారు కదా, మంచిపని చేశారు. చాలా పేజీలు అచ్చు అలాగే ఉన్నాయి. రెండు చోట్ల తేడా వచ్చింది. సంక్రాంతి ఫలాల పేరాలో చివరి మాట కింది పంక్తికి దిగి, ఆ కాలమ్ మొత్తం ఒక పంక్తి పెరిగింది. చివరి పంక్తి పెట్టెలోంచి బయటపడి దాక్కుంది, ఎర్ర ప్లస్ గుర్తు చూస్తే గానీ తెలియలేదు. రెండోది, మీరు భయపెట్టినట్టే తిథుల పట్టికలో. ‘రా. 9.42 వరకు’ అన్నది విరిగి ‘వరకు’ కింది గడి మీద పడింది. ఒక స్టైల్‌లో కంపోజర్ మామూలుది ఉంది, దాన్ని వరల్డ్ రెడీకి మార్చి, అక్షరాల మధ్య దూరం కాస్త తగ్గిస్తే కుదిరింది. పట్టిక మొత్తం మా అత్తగారు భూతద్దం పెట్టి మరోసారి చూశారు. ఏటా ఆవిడే మా ఆఖరి ప్రూఫ్ రీడర్. తప్పు దొరికితే ఆవిడకి అదో పండగ, ఈసారి ఏమీ దొరక్క చిన్నబుచ్చుకున్నారు.

పిక్సెల్ పిచ్చోడు (రాత్రి 8:52)

అక్కా, మరి ఆ రెండు టిక్కులు పెట్టుకోవాలా, తీసెయ్యాలా? నాదీ అలాగే సెట్ చేస్తా.

రాయపేట డీటీపీ (రాత్రి 9:30)

మేం సిస్టమ్‌ని బట్టి పెట్టుకున్నాం తమ్ముడూ. డిజైన్ చేసే రెండు సిస్టమ్‌లలో తీసేశాం, రోజంతా తెరవడం మూయడమే కాబట్టి. ప్రెస్‌కి ఫైల్ పంపే సిస్టమ్‌లో మాత్రం రెండూ ఉంచాం. తెరవగానే ‘ఈ ఫొటో లేదు’ అని అక్కడే చెప్తుంది. టిక్ తీసేస్తే పేజీ ముందు వచ్చేస్తుంది, లింకుల స్థితి తేలడానికి కాసేపు పడుతుంది. ఆ కాస్త తొందరలో పీడీఎఫ్ తీశామంటే అసలు ఫొటో బదులు మసక నమూనాతో వెళ్లే ప్రమాదం ఉంది. గోడ మీద ఏడాదంతా ఉండే స్వామివారి బొమ్మ మసకగా పడితే ఎవరు ఒప్పుకుంటారు?

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మిస్సింగ్ లింకులున్నాయని హెచ్చరిక వస్తుంది, నిజమే. కానీ మా ఆఫీసులో ఆ హెచ్చరిక చదివేది నేనొక్కదాన్నే, మిగతావాళ్లు ఓకే కొట్టేస్తారు.

ర్యామ్ మాత్రం కొనలేదు.

పాత కంపోజిటర్ (ఉదయం 6:15)

క్యాలెండర్ ఫైళ్లు కూడా ఇలాగే శుభ్రం చేశావా అమ్మా, పంచాంగం ఒక్కటేనా?

రాయపేట డీటీపీ (ఉదయం 7:50)

వాల్ క్యాలెండర్ 12 షీట్లదీ అయింది, చిన్న డైలీ క్యాలెండర్ ఇంకా ఉంది సార్. దానికి పేజీ బయట ఉన్న సామాన్లు పంచాంగం కంటే ఎక్కువ. ముందు లింక్స్ ప్యానెల్లోంచి పీబీ జాబితా మొత్తం తీసి మా యజమానికి చూపిస్తున్నాను, ఏ ప్రకటనదారు మళ్లీ వస్తారో ఆయనకే తెలుసు. ఆయన టిక్ పెట్టినవి ఇప్పటి బాక్సులోని ప్రకటనల ఫోల్డర్‌లోకి, మిగతావి డిలీట్. ఐడీఎంఎల్ అచ్చుకి వెళ్లాక చేస్తాను, ఇప్పుడు పంక్తులు కదిలితే మళ్లీ 365 చీటీలూ మా అత్తగారి చేతికి ఇవ్వాలి.